తగిలిన చోటు

(బెంగళూరు పీణ్యలోని ఒక వర్క్‌షాపులో, ఆదివారం పొద్దున, ఇక్కడ పనిచేసే తెలుగు మెషినిస్టులూ ఎలక్ట్రానిక్స్ కుర్రాళ్లూ కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. టీ వచ్చినప్పటి గోల మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల లేత్ దగ్గర నిలబడ్డ అన్నలు కాస్త ముందుకి రండి. కంప్రెసర్ ఆపేశారు కాబట్టి నా గొంతు అక్కడికి వినబడుతుంది గానీ, ఈ బోర్డు మీద రాసే అంకెలు కనబడవు. ఈరోజు చెప్పబోయేది టచ్ ప్రోబ్ గురించి, అంటే మెషీన్ దేన్నైనా తాకి అదెక్కడుందో తెలుసుకునే పరికరం. మాటలకంటే అంకెలే ఎక్కువ.

మాది హిందూపురం. పీణ్యకి వచ్చి పధ్నాలుగేళ్లయింది. నేను మెషీన్ నడిపేవాణ్ణి కాదు. మెషీన్ లోపల కూర్చునే ప్రోగ్రాము, ఫర్మ్‌వేర్ అంటాం కదా, అది రాసేవాణ్ణి. మీలో సగం మందికి నా మీద కోపం ఉండే ఉంటుంది. అర్ధరాత్రి అలారం నంబరు చూపించి ఊరుకునేది మేమే. (నవ్వులు)

నేను చేరిన మొదటి షాపులో ఒక పెద్దాయన ఉండేవాడు, మదనపల్లె వైపు మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ పాత బస్సు టికెట్లు పెట్టుకునేవాడు. బీఎంటీసీ కండక్టరు మిషన్‌లోంచి చింపి ఇచ్చే పల్చటి కాగితం. జాబ్‌ని, అంటే చెక్కాల్సిన ముక్కని, వైస్‌లో బిగించి, దాని పైతలం ఎక్కడుందో తెలుసుకోవడానికి టూలు కింద ఆ టికెట్టు పెట్టి, ఎడమచేత్తో దాన్ని అటూ ఇటూ జరుపుతూ, కుడిచేత్తో హ్యాండ్‌వీల్‌ని ఒక్కో గీత తిప్పేవాడు. ఒక గీతంటే 0.01 మి.మీ. టికెట్టు చేతికి ‘పట్టింది’ అనగానే చక్రం వదిలేసేవాడు. నేను కొత్త కదా, తెలివి చూపించుకోవాలని ఆ టికెట్టుని మైక్రోమీటర్‌లో పెట్టి చూశా. 0.06 వచ్చింది. ఆయనకి చెప్పబోతే, ‘ఆఫ్‌సెట్‌లో ఆ 0.06 తీసేస్తానే ఉండా గదా నాయనా’ అన్నాడు.

ఆయన చేతిని చాన్నాళ్లు చూశాను. టూలు దించకముందే టికెట్టు ఒకసారి కదిపి, అది వదులుగా ఉందని చూసుకునేవాడు. పట్టిన తర్వాత ఒక గీత పైకి లేపి, వదులైందని చూసి, మళ్లీ దించేవాడు. ఎప్పుడైనా తను అనుకున్న ఎత్తులో పట్టకపోతే, ఇంకా కిందికి తిప్పేవాడు కాదు. చెయ్యి తీసేసి, వంగి, కన్ను జాబ్ ఎత్తుకి తెచ్చి చూసేవాడు. అప్పట్లో అది ముసలాయన చాదస్తం అనుకున్నా. తర్వాత టచ్ ప్రోబ్‌కి కోడ్ రాయమని నా చేతికిచ్చారు. ఏడాది పాటు నేను తిన్న దెబ్బలన్నీ ఆయన చెయ్యి చేసే పని నా కోడ్ చెయ్యకపోవడం వల్ల తిన్నవే.

ముందు ప్రోబ్ లోపల ఏముందో చూద్దాం. ఇది కాంకార్డ్ విమానం పుణ్యం. 1970ల మొదట్లో రోల్స్‌రాయిస్‌లో డేవిడ్ మెక్‌మర్ట్రీ అనే ఇంజనీరుకి ఒక చిక్కొచ్చింది. కాంకార్డ్ ఒలింపస్ ఇంజన్లలో సన్నటి ఇంధన గొట్టాల్ని కొలవాలి. అప్పటి ప్రోబ్‌లు గట్టివి. తాకితే గొట్టమే జరిగిపోయేది. ఇక కొలతకి అర్థమేముంది? తాకగానే తనే పక్కకి ఒరిగి, వదలగానే మళ్లీ అదే చోట కూర్చునే ప్రోబ్ ఆయన చేశాడు. 1973లో తోటి ఉద్యోగి జాన్ డీర్‌తో కలిసి రెనిషా కంపెనీ పెట్టాడు.

ఇది చూడండి, విప్పిన ప్రోబ్. తిప్పుతూ ఇస్తా, కింద పడెయ్యకండి, నాకు ఉన్నది ఇదొక్కటే. స్టైలస్, అంటే ఈ ప్రోబ్ పుల్ల, దాని చివర ఎర్రగా కనిపిస్తున్నది కృత్రిమ కెంపు గుండు. స్టైలస్ పైన మూడు కడ్డీలు, మన పొయ్యిమీద మూడు గుండ్రాళ్లలా మూడు వైపులకి. ఒక్కో కడ్డీ రెండేసి చిన్న గుండ్ల మధ్య కూర్చుంటుంది. మూడు కడ్డీలు, ఆరు గుండ్లు. పైనుంచి స్ప్రింగు అదుముతుంది. కరెంటు ఒక గుండులోంచి కడ్డీలోకి, కడ్డీలోంచి పక్క గుండులోకి, ఇలా ఆరింటి గుండా ఒకటే దారిలో పోతుంది. కెంపు గుండు దేన్నైనా తాకి స్టైలస్ ఒరిగితే ఒక చోట అదుము తగ్గుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. అది ఒక గీత దాటగానే ప్రోబ్‌లోని సర్క్యూట్ ‘తగిలింది’ అంటుంది. కడ్డీ పూర్తిగా పైకి లేచేదాకా ఆగదు.

దీంట్లో రెండు సంగతులు గుర్తుంచుకోండి. గుండు తాకడానికీ సిగ్నల్ రావడానికీ మధ్య స్టైలస్ కొంచెం వంగుతుంది. దాన్ని ప్రీ ట్రావెల్ అంటారు. ఇక రెండోది, మూడు కడ్డీలు మూడు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి ఆ వంపు అన్ని వైపులా ఒకటిగా ఉండదు. కడ్డీ ఉన్న వైపు నెడితే ఒక బలం కావాలి, రెండు కడ్డీల మధ్య నెడితే ఇంకో బలం. గుండ్రటి రింగుని చుట్టూ తాకించి గీస్తే, తప్పు మూడు మూలల ఆకారంలో తేలుతుంది.

ఇక మన ఎస్పీ రోడ్డులో దొరికే చిన్న రౌటర్ మెషీన్లకి ఇచ్చే ప్రోబ్ ఉంది కదా, ఒక ఇత్తడి ప్లేటు, టూలుకి తగిలించే ఒక మొసలి క్లిప్పు, రెండు వైర్లు. దానికి కడ్డీలూ లేవు, గుండ్లూ లేవు. టూలు ప్లేటుకి తగిలితే సర్క్యూట్ పూర్తవుతుంది. ఫర్మ్‌వేర్‌కి రెండూ ఒకటే, ఒక పిన్ను మీద సున్నా లేదా ఒకటి. అక్కడే మోసపోతాం. పిన్ను చదవడమే పని అనుకుంటాం. లైట్ స్విచ్ చదవడంలాంటిదే కదా, దీనికేముంది?

పని అది కాదు. తగిలిందా లేదా అన్నది పదో వంతు. తగిలిన క్షణంలో మెషీన్ ఎక్కడుంది అన్నది అసలు పని.

నా మొదటి కోడ్ ఇలా ఉండేది. జెడ్, అంటే టూలుని పైకీ కిందికీ జరిపే అక్షం, కిందికి దిగుతుంది, పిన్ను మారితే ఆగమంటాను, ఆగిన తర్వాత ‘ఇప్పుడెక్కడున్నావు’ అని అడిగి, ఆ చోటుని టూల్ సెట్టర్ ఎత్తు అనుకుంటాను. స్ప్రింగు మీద కూర్చున్న సెట్టర్ అది, టూలు తాకితే పిన్ను మారుతుంది, ఎత్తు 50 మి.మీ., జాబ్ పైన పెట్టేవాళ్లం. చూడ్డానికి తప్పేమీ లేదు. కానీ మెషీన్ ఆగమంటే ఆగదండీ. మెజెస్టిక్‌లో రన్నింగ్ బస్సు దిగినవాడెవడైనా చెబుతాడు. బ్రేకు వేశాక కూడా కొంత దూరం పోతుంది. ఎంత?

బోర్డు చూడండి. వేగం వర్గాన్ని, యాక్సిలరేషన్‌కి రెండు రెట్లతో భాగించాలి. ఆ మెషీన్ యాక్సిలరేషన్ సెకనుకి సెకనుకి 50 మి.మీ. ఫీడు, అంటే టూలు జరిగే వేగం, నిమిషానికి 500 మి.మీ. అంటే సెకనుకి 8.33. వర్గం 69.4. దాన్ని 100తో భాగిస్తే 0.69 మి.మీ. పిన్ను మారిన తర్వాత టూలు ఇంకా 0.69 కిందికి పోయి ఆగింది. అక్కడే 50 అని రాసుకున్నాను. అంటే జాబ్ పైతలం అసలున్న చోటు కంటే 0.69 లోతులో ఉందని మెషీన్‌కి నమ్మబలికాను.

మొదటి రోజే పట్టుకున్నా. లోతు ప్రతిసారీ ఎక్కువ వస్తోంది, కానీ ప్రతిసారీ ఒకేలా ఎక్కువ. అప్పుడేం చేశాను? బెంగళూరులో ఉన్నాం కదా, ‘స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్లి’, కొంచెం సర్దుకోండి అని. 50 తీసేసి 49.31 పెట్టా. (నవ్వులు) కొలతలు చక్కగా వచ్చాయి. రెండు నెలలు ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత ఒకరోజు అల్యూమినియం నేమ్‌ప్లేట్ల ఆర్డరు వచ్చింది. అక్షరాలు 0.3 లోతు చెక్కాలి. ఆపరేటరు కుర్రాడు జాగ్రత్తపరుడు. సన్నని టూలు కదా, విరుగుతుందేమోనని ప్రోబింగ్ ఫీడు 500 నుంచి 100కి తగ్గించాడు. 100 దగ్గర లెక్క వెయ్యండి, 0.028. బ్రేకు దూరం 0.69 కాదు, 0.03 కూడా లేదు. నేను తగ్గించిన 0.69 మాత్రం అలాగే ఉంది. జీరో, అంటే మెషీన్ జాబ్ పైతలం అనుకునే చోటు, 0.66 పైకి పోయింది. కూలెంట్ పోస్తోంది, స్పిండిల్ తిరుగుతోంది, టూలు ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఎంతో అందంగా రాసుకుంటూ పోతోంది. పన్నెండు నిమిషాల తర్వాత కుర్రాడు గుడ్డతో తుడిచి చూస్తే ప్లేటు అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు. మొత్తం గాలిలో చెక్కింది.

వాడు జాగ్రత్తగా ఉన్నందుకు నా తప్పు బయటపడింది. తిట్లు మాత్రం వాడే తిన్నాడు. నేను వెళ్లి ఓనరుకి చెప్పడానికి సాయంత్రమైంది.

పరిష్కారం చిన్నదే. పిన్ను మారిన ఆ క్షణంలోనే స్థానాన్ని ఇంకోచోట రాసి పెట్టుకోవాలి. బ్రేకు తర్వాత తీరిగ్గా వెయ్యొచ్చు. జీఆర్‌బీఎల్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ మీలో చాలామందికి తెలుసు, ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు మీద నడుస్తుంది. 2 కేబీ ర్యామ్, 16 మెగాహెర్ట్జ్. దాంట్లో ఇది ఎంత పొదుపుగా రాశారంటే, మోటారుకి స్టెప్పులు పంపే ఇంటరప్ట్‌లోనే, అంటే ప్రాసెసర్ మిగతా పని ఆపి చేసే ఆ చిన్న పనిలోనే, పిన్నుని ఒకసారి చూస్తారు. మారి ఉంటే మూడు అక్షాల స్టెప్పుల లెక్కని పక్కన కాపీ చేస్తారు, ఇక ఆగమని ఒక జెండా ఎత్తుతారు. అంతే. తర్వాత కంప్యూటరుకి ‘పీఆర్‌బీ’ అని ఒక వరుస పంపుతుంది. అందులో ఉండేది తగిలిన చోటు, ఆగిన చోటు కాదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది పడేది. జీ38.2 అనే ఆదేశంతో తాకించి, వెంటనే జీ10 ఎల్20 అనే ఆదేశంతో జీరో పెడతారు. ఆ జీ10 ఇప్పుడున్న చోటుని తీసుకుంటుంది. ఇప్పుడున్న చోటంటే ఆగిన చోటు. ఫర్మ్‌వేర్ తగిలిన చోటు సరిగ్గానే రాసిపెట్టింది, మీరు దాన్ని అడగలేదు. నేను నా కోడ్‌లో చేసిన తప్పునే మీరు బయటినుంచి చేస్తున్నారన్న మాట. ఒకటి, పీఆర్‌బీలో వచ్చిన అంకెతో జీరో లెక్కకట్టాలి. లేదా రెండోసారి మెల్లగా, నిమిషానికి 25 మీద తాకించాలి. 25 దగ్గర బ్రేకు దూరం 0.002 కూడా ఉండదు. పెద్దాయన ఒక గీత లేపి మళ్లీ దించేది ఇదే. లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ ప్రోగ్రాములో తగిలిన చోటు #5061 అనే నంబరు గడి నుంచి ఉంటుంది. ఫ్యానుక్ కంట్రోలర్‌లో తాకించే ఆదేశం జీ31 వాడినా అంతే, #5061లోనే ఎక్స్. నంబరు రెండింట్లో ఒకటే కావడం మన అదృష్టం.

ప్రశ్న అడుగుతున్నట్టున్నావు తమ్ముడూ, గట్టిగా అడుగు.

(ఒక విద్యార్థి: ‘సార్, స్టెప్ ఇంటరప్ట్‌లో చూడటం ఎందుకు? పిన్ను మారగానే దానికే ఒక ఇంటరప్ట్ పెడితే ఇంకా తొందరగా తెలుస్తుంది కదా?’)

మంచి ప్రశ్న. నేనూ అలాగే మొదలుపెట్టా. ఆలోచించు. స్టెప్పర్ మోటారు మెషీన్‌లో స్థానం అంటే ఏమిటి? స్టెప్పుల లెక్క. ఆ లెక్క ఎప్పుడు మారుతుంది? స్టెప్పు వేసినప్పుడే. స్టెప్పుకీ స్టెప్పుకీ మధ్య నువ్వు పిన్నుని వెయ్యిసార్లు చూసినా రాసుకునే అంకె ఒకటే. మోటారుకి చుట్టుకి 200 స్టెప్పులు, 16 మైక్రోస్టెప్పులు, అంటే 3200. స్క్రూ చుట్టుకి 8 మి.మీ. జరిగితే మిల్లీమీటరుకి 400. ఒక స్టెప్పు 2.5 మైక్రాన్లు. నీ ఇంటరప్ట్ ఎంత చురుకైనదైనా ఆ రెండున్నర మైక్రాన్ల కిందికి నిన్ను తీసుకెళ్లదు.

పైగా ఒక తలనొప్పి తెస్తుంది. ఆ లెక్క 32 బిట్ల అంకె, ప్రాసెసర్ 8 బిట్లది. చదవాలంటే నాలుగు ముక్కలుగా చదవాలి. రెండు ముక్కలు చదివేసరికి మధ్యలో ఒక స్టెప్పు పడి అంకె మారిందనుకో, సగం పాత అంకె, సగం కొత్త అంకె. 255 నుంచి 256కి మారే చోట అలా జరిగితే 511 అని చదువుతావు, లేదంటే సున్నా. వారానికి ఒకసారి వస్తుంది ఆ జబ్బు. డెమో ఇస్తున్నప్పుడే వస్తుంది. ఇంటరప్ట్‌లు ఆపి చదివితే పోతుంది, కానీ ఆ సంగతి గుర్తుండాలి కదా.

సర్వో మెషీన్‌ అయితే నీ మాట నిజం. అక్కడ ఎన్‌కోడర్, అంటే మోటారు ఎంత తిరిగిందో కొలిచేది, దాని లెక్క నిరంతరం మారుతుంది. కంట్రోలర్ మిల్లీసెకనుకి ఒకసారి పిన్ను చూస్తే, ఫీడు 100 మీద 1.7 మైక్రాన్లు, ఫీడు 1000 మీద 17 మైక్రాన్లు అటూఇటూ పోతుంది. అందుకే ఈథర్‌క్యాట్ అనే నెట్‌వర్క్ మీద పనిచేసే డ్రైవుల్లో, అంటే మోటారుని నడిపే పెట్టెల్లో, ప్రోబ్ వైరుని కంట్రోలర్‌కి కాదు, నేరుగా డ్రైవుకే ఇస్తారు. డ్రైవు తన హార్డ్‌వేర్‌లోనే ఎన్‌కోడర్ అంకెని పట్టుకుంటుంది. 60బీ8 అనే చోట ‘కాపు కాయి’ అని రాస్తాం, 60బీ9లో ‘పడిందా’ అని చూస్తాం, 60బీఏలో అంకె తీసుకుంటాం. కంట్రోలర్ ఆలస్యంగా వచ్చి అడిగినా అంకె చెక్కుచెదరదు.

సరే, ఇప్పుడు అసలైన దెయ్యం దగ్గరికి వద్దాం. నాయిస్, అంటే వైర్లలోకి దూరే దొంగ సిగ్నళ్లు.

ఆ రౌటర్ ఆన్ చెయ్ తమ్ముడూ. స్పిండిల్ ఇంకా వద్దు. ప్రోబ్ వైరు ఇప్పుడు నేను చెప్పినట్టే కట్టాం, షీల్డ్ ఉంది, వీఎఫ్‌డీ, అంటే స్పిండిల్ మోటారు వేగం మార్చే పెట్టె, దాని కేబుల్‌కి దూరంగా ఉంది. ప్లేటు టేబుల్ మీద ఉంది. నాలుగుసార్లు తాకిద్దాం. ... చూస్తున్నారా, మైనస్ 41.235. మళ్లీ 41.235. 41.233. 41.235. మూడోసారి వచ్చిన తేడా ఒక్క స్టెప్పు. ఈ ధర మెషీన్‌కి ఇంతకంటే ఏం అడుగుతాం.

ఇప్పుడు ప్రోబ్ వైరు మార్చి, షీల్డ్ లేని మామూలు వైరు పెడుతున్నా. దాన్ని తెచ్చి వీఎఫ్‌డీ నుంచి స్పిండిల్‌కి పోయే కేబుల్‌తో కలిపి కట్టేస్తున్నా. మన షాపుల్లో ట్యాగు వేసి నీటుగా కడతారు కదా, అలాగే. స్పిండిల్ మెల్లగా తిప్పండి. టూలు తీసేశాం, కంగారు లేదు, చేతులు మాత్రం దూరం. సాధారణంగా ప్రోబ్ చేసేటప్పుడు స్పిండిల్ తిప్పకూడదు, ఇది చూపించడానికి మాత్రమే. ఇప్పుడు తాకించు.

ఆగింది. ఎక్కడ ఆగిందో చూశారా? ప్లేటుకి ఇంకా 35 మి.మీ. పైనే. (నవ్వులు) స్క్రీన్ మీద పీఆర్‌బీ వరుస చదవండి. మైనస్ 6.118, చివర్లో రెండు చుక్కలు, 1. ఆ ఒకటికి అర్థం ఏంటో తెలుసా? విజయం. గాలిని తాకి, విజయం అని రాసింది. అలారం లేదు, ఎర్ర లైటు లేదు.

ఎందుకలా? ఊనో మీది ఏటీమెగా 328పీ చిప్పు లోపల, ఏమీ తగలనప్పుడు పిన్నుని ‘ఒకటి’ దగ్గర పట్టుకునే పుల్ అప్ రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. చాలా బలహీనం. రెండు మీటర్ల వైరు ఏంటెన్నా అయిపోతుంది. మొదటి మందు వైరింగులోనే ఉంది. 24 వోల్టుల సిగ్నల్, వెలుతురుతో సిగ్నల్ దాటించే ఆప్టోకప్లర్, ఎస్పీ రోడ్డులో చిల్లరకి దొరికే పీసీ817 అయినా చాలు, షీల్డ్ ఒక్క చివరే ఎర్త్‌కి. కోడ్‌తో నాయిస్‌ని తరుముదాం అనుకునేవాళ్లకి నేను మొదట స్క్రూడ్రైవర్ ఇస్తా.

కోడ్ చేసేది దాని తర్వాత. చాలామంది ఏం చేస్తారంటే, బటన్‌కి రాసినట్టే డీబౌన్స్ రాస్తారు. పిన్ను మారితే 10 మిల్లీసెకన్లు ఆగి, ఇంకా మారే ఉంటే అప్పుడు నమ్ముతారు. ఆ పది మిల్లీసెకన్లలో ఫీడు 500 మీద మెషీన్ 0.083 మి.మీ. పోతుంది. ఫీడు 50 మీద 0.008. మళ్లీ నా నేమ్‌ప్లేటు కథే, వేగం మారితే కొలత మారుతుంది.

వరస తిప్పితే సరిపోతుంది. పిన్ను మొదట మారగానే స్థానం రాసిపెట్టుకో. ఆ తర్వాత అనుమానపడు. కాసేపు చూడు, మార్పు నిలబడితే రాసుకున్నది నిజం. నిలబడకపోతే రాసుకున్నది చెరిపేసి ముందుకి పో. అనుమానానికి పట్టిన టైము కొలతలో కలవదు. నా కోడ్‌లో ఈ చెరిపేసిన వాటికి ఒక లెక్క పెట్టా. ఒక్క తాకింపులో మూడుసార్లకంటే ఎక్కువ చెరిపాల్సి వస్తే కొలత ఇవ్వను, ‘వైరు చూడండి’ అని ఆపేస్తా. తప్పుడు అంకె ఇవ్వడం కంటే అంకె ఇవ్వకపోవడం మేలు. ఓనర్లకి ఇది నచ్చదు, మెషీన్ ఊరికే ఆగుతోందంటారు. అననివ్వండి.

ఇక తగలకపోతే ఏమిటి? నా ప్రోబింగ్ కోడ్‌లో సగానికి పైగా దానికే పోయింది.

జీ38.2 మొదలయ్యే ముందే పిన్ను ‘తగిలి ఉంది’ అంటే కదలకూడదు. జీఆర్‌బీఎల్‌లో అది అలారం 4. చెప్పిన దూరమంతా పోయినా తగలకపోతే అలారం 5. ఈ రెండు నంబర్లనీ తిట్టుకుంటూ రీసెట్ కొట్టే వాళ్లని రోజూ చూస్తాను. అలారం 4 అంటే టికెట్టు ముందే ఇరుక్కుని ఉందని. అలారం 5 అంటే అనుకున్న ఎత్తులో పట్టలేదు, వంగి చూడమని.

కిందటేడు ఒక షాపులో నైట్ షిఫ్ట్. ఇత్తడి ప్లేటు జాబ్ మీద పెట్టాడు, క్లిప్పు మాత్రం వైస్ హ్యాండిల్‌కి తగిలించి మరిచిపోయాడు. మెషీన్‌కి ఏం తెలుస్తుంది? సర్క్యూట్ తెరిచే ఉంది, అంటే ఇంకా తగల్లేదు. దిగుతూనే ఉంది. ప్రోగ్రాములో దిగాల్సిన దూరం 50 అని రాసి ఉంది. 12 దగ్గర ప్లేటు వచ్చింది. 3 మి.మీ. ఎండ్‌మిల్లు టప్పున విరిగింది. ప్లేటు మీద గుంట ఇప్పటికీ ఉంది. ఆ 50 ఎవరు రాశారు? నేనే. ఎందుకు? గుండ్రంగా ఉందని. ప్లేటు దగ్గరికి చేత్తో తెచ్చి పెట్టాక 15 చాలు. అప్పుడైనా టూలు పోయేదే, 12 దగ్గర తగలాల్సింది కదా, కానీ స్పిండిల్ బేరింగు మీద అంత బరువు పడేది కాదు.

అందుకే మంచి ప్రోబ్‌లు ఎక్కువగా మామూలుగా మూసి ఉండే సర్క్యూట్‌తో వస్తాయి, ఎన్‌సీ అంటాం. తాకితే తెరుచుకుంటుంది. వైరు తెగినా, ప్లగ్గు ఊడినా తెరుచుకుంటుంది, మెషీన్ అలారం 4 ఇచ్చి మొరాయిస్తుంది. ఇత్తడి ప్లేటు దానికి ఉల్టా. వైరు తెగితే ‘దారి ఖాళీ, పో పో’ అంటుంది. ఏ కోడ్‌కీ తెరిచిన సర్క్యూట్‌ని చూసి అది తెగిన వైరో, దూరంగా ఉన్న ప్లేటో తెలీదు. కాబట్టి నేను ఆపరేటర్నే అడుగుతాను. సైకిల్ మొదలయ్యే ముందు ప్లేటుని చేత్తో ఎత్తి ఒకసారి టూలుకి తాకించాలి. పిన్ను ఒకసారి మూసుకుని తెరుచుకోవడం చూస్తే తప్ప జెడ్ కదలదు. రెండు సెకన్ల పని. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు చెయ్యి అలవాటైంది.

తాకిన తర్వాత వెనక్కి రావడం కూడా తేలిగ్గా తీసుకోవద్దు. వెనక్కి బయల్దేరేటప్పుడు ప్రోబ్ ఇంకా తగిలే ఉంటుంది, కాబట్టి దాన్ని చూసి అలారం ఇవ్వకూడదు. అలాగని పిన్నుని మొత్తానికే పట్టించుకోకపోతే, కడ్డీ కింద లోహపు పొట్టు ఇరుక్కుని ప్రోబ్ మళ్లీ కూర్చోలేదన్న సంగతి తెలియదు. జీ38.4 ఉన్నదే అందుకు, వదిలేదాకా వెనక్కి రా, వదలకపోతే అలారం ఇవ్వు. ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి పోయేటప్పుడు కూడా జీ0, అంటే ఊరికే వేగంగా జరిగే ఆదేశం, వాడొద్దు. జీ38.3తో పంపండి, దారిలో ఏదైనా తగిలితే ఆగుతుంది, తగలకపోయినా అలారం ఉండదు. ఫ్యానుక్ వాళ్లు జీ65 పీ9810 అని పిలుస్తారే, రెనిషా మాక్రో, అంటే రెడీమేడ్ ప్రోగ్రాము, అది చేసేది ఈ పనే.

(ఒక మెషినిస్టు: ‘బోరు, అదే గుండ్రటి రంధ్రం, కొలిచినప్పుడు వ్యాసం తేడా వస్తుంది బ్బా, సెంటరు మాత్రం సరిగ్గానే ఉంటాది. అదేంది?’)

అన్నా, మీది పాత మెషీనా? అయితే రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది ప్రీ ట్రావెల్. గుండు 6 మి.మీ. ఉందనుకోండి, అది రెండు వైపులా గోడని తాకి, కొంచెం వంగాకే సిగ్నల్ ఇస్తుంది. రెండు వైపులా కొంచెం ఎక్కువ దూరం పోయింది. కొలిచిన దూరానికి 6 కలిపితే వ్యాసం పెద్దదొస్తుంది. అందుకే రింగ్ గేజ్‌లో, అంటే వ్యాసం కచ్చితంగా తెలిసిన రింగులో, కాలిబ్రేట్ చేస్తే గుండు వ్యాసం 6 రాదు, కాస్త తక్కువ వస్తుంది. గుండు అరిగిపోయిందని కొత్తది కొనకండి. మీకు పని చేసే వ్యాసం అదే.

రెండోది బ్యాక్‌లాష్, అంటే స్క్రూలో ఉండే వదులు. ఎక్స్ ప్లస్‌కి పోయి ఒక గోడ, మైనస్‌కి తిరిగి ఇంకో గోడ. తిరిగినప్పుడు స్క్రూ కొంత తిరుగుతుంది, టేబుల్ కదలదు, కానీ లెక్క పెరుగుతుంది. వ్యాసంలో బ్యాక్‌లాష్ మొత్తం కలుస్తుంది, సెంటరులో సగం కలుస్తుంది. మీకు సెంటరు సరిగ్గా ఉన్నట్టు కనబడుతోందంటే ఆ సగం మీ టాలరెన్స్‌లో ఇమిడిపోతోందన్న మాట. స్టైలస్ స్పిండిల్ సెంటరులో లేకపోతే అది వేరే తప్పు. ఒకసారి కొలిచి, స్పిండిల్ 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీస్తే పోతుంది.

ఇంకోటి, రేకుల షెడ్డులో పొద్దున తాకించి మధ్యాహ్నం దాకా అదే జీరో వాడకండి. 300 మి.మీ. ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే 35 మైక్రాన్లు పెరుగుతుంది. దానికి నా కోడ్ ఏం చెయ్యలేదు.

(ఇంకొకరు: ‘సార్, మాది ఫ్యానుక్. దాంట్లో కోడ్ మాకు కనబడదు, మార్చలేం. ఇవన్నీ మాకెందుకు?’)

కోడ్ కనబడకపోయినా ప్రవర్తన కనబడుతుంది. రేపు షిఫ్ట్ మొదట్లో ఇది చెయ్యండి. రింగ్ గేజ్ పెట్టి, కాలిబ్రేషన్ ఏమీ మార్చకుండా, ఒకసారి ఫీడు 50 మీద వ్యాసం కొలవండి, ఇంకోసారి 200 మీద. మాక్రోలో ఫీడు లాక్ అయి ఉంటే జీ31తో మీరే రెండు గోడలూ తాకించి #5061 రాసుకోండి. రెండు వ్యాసాలూ ఒకటే వస్తే మీ కంట్రోలర్ చోటుని పట్టుకోవడంలో బాగుంది. 200 మీద ఎక్కువ వస్తే, సిగ్నల్‌కీ రాసుకోవడానికీ మధ్య ఆలస్యం ఉందని. ఎంత? ఉదాహరణకి తేడా 20 మైక్రాన్లు అనుకోండి. ఒక్కో వైపు 10. రెండు ఫీడుల మధ్య తేడా 150, అంటే సెకనుకి 2.5 మి.మీ. భాగిస్తే 4 మిల్లీసెకన్లు. ఆ ఆలస్యం ప్రోబ్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌లో ఉండొచ్చు, ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఉండొచ్చు. ఉన్నా ఫరవాలేదు, కాలిబ్రేట్ చేసిన ఫీడు మీదే కొలుస్తున్నంత కాలం అది గుండు వ్యాసంలో కలిసిపోతుంది. ఎవరైనా సైకిల్ టైము తగ్గిద్దామని ఆ ఒక్క ఫీడు పెంచారా, పోయింది.

రెండు ఫీడులు, రెండు వ్యాసాలు. కాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, మెషీన్ ఏదో కూడా రాయండి. నా నంబరు టీ పోస్తున్న తమ్ముడి దగ్గరుంది.